కుక్కర్ గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ కొనేవాళ్ళకు జాగ్రత్త: మా పోర్క్ కూర గోడకెక్కింది

కుక్కర్‌కి విడిభాగాలు కొనేవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. ముఖ్యంగా సేఫ్టీ వాల్వ్ కొనేవాళ్ళు. మొన్న ఆదివారం మా వంటింట్లో కుక్కర్ పేలలేదు గానీ, పేలినంత పనైంది. నేను ముంజేతి మీద రెండు బొబ్బలతో బయటపడ్డాను. స్టవ్ వెనక టైల్స్ మధ్య సందుల్లో దిగిన ఎర్రనూనె మాత్రం ఎంత రుద్దినా పోవడం లేదు.

మాది మల్కాజిగిరి. ఇంట్లో పోర్క్ తినేది నేనూ మా అబ్బాయీ. అమ్మ ఆ వాసనకే గుమ్మం బయట కుర్చీ వేసుకుంటుంది. మా ఆవిడ తినదు గానీ అడ్డు చెప్పదు. ఆవిడ పెట్టిన కండిషన్ ఒక్కటే, పప్పు వండే కుక్కర్ జోలికి వెళ్ళకూడదు. అందుకని పోర్క్ కోసమే ఒక పాత మూడు లీటర్ల కుక్కర్ అటక మీద ఉంటుంది. నెలకో రెండు నెలలకో కిందకి దిగుతుంది. అలా ఎండీ ఎండీ దాని గాస్కెట్ ఈసారి చేతిలోకి తీసుకోగానే అప్పడంలా విరిగింది. సేఫ్టీ వాల్వ్ కూడా ఎన్నేళ్ళ నాటిదో గుర్తు లేదు. రెండూ మార్చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను.

వేరే పని మీద బేగంబజార్ వెళ్ళినప్పుడు గిన్నెల షాపుల మధ్య ఒక చిన్న కొట్లో అడిగాను. కొట్టు పేరు రాయను, అలాంటివి ఒకటి కాదు. మేకుకి దండలా వేలాడదీసిన గాస్కెట్లలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. వాల్వ్ ఒక ప్లాస్టిక్ డబ్బాలోంచి, మరమరాలు తీసినట్టు గుప్పెడు తీసి, అందులోంచి ఒకటి ఏరాడు.

"కంపెనీదేనా అన్నా?" అన్నాను.

"గదే మాల్ అన్నా. అట్టపెట్టె ఒక్కటే లేదు. పెట్టె గావాల్నంటే ఇంకో నూరు రూపాయలు."

గాస్కెట్ 70, వాల్వ్ 30. పెట్టెకి వంద ఎందుకు దండగ అనిపించింది. నూరు రూపాయలు మిగిల్చానని నాలో నేనే మురిసిపోయాను కూడా. బిల్లు అడగలేదు. వంద రూపాయల సరుక్కి బిల్లేమిటి అనుకునే రకాన్ని నేను.

ఆదివారం కిలోన్నర పోర్క్ తెచ్చాను, తోలూ కొవ్వూ ఉన్న ముక్కలే. అల్లం వెల్లుల్లి, ధనియాలు, దంచిన మిరియాలు, గుంటూరు కారం నాలుగు చెంచాలు, గుప్పెడు కరివేపాకు, చివర్లో చింతపండు పులుసు. ఇక్కడ నా తప్పు ముందే ఒప్పుకుంటాను. కొవ్వు ఎలాగూ కరుగుతుంది కదా అని నీళ్ళు అర గ్లాసే పోశాను. కరివేపాకు మూత పెట్టకముందే వేశాను. పైగా కుక్కర్ ముప్పాతిక దాటి నిండింది. కొత్త గాస్కెట్ కదా, మూత మాత్రం బిర్రుగా పట్టింది.

పది నిమిషాలకు ఒక విజిల్ వచ్చింది. విజిల్ అనడం కూడా ఎక్కువే, ముక్కు చీదినట్టు చిన్న చప్పుడు, దాంతోపాటు వెయిట్ పక్కనుంచి ఎర్రటి జిడ్డు చుక్కలు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఐదు నిమిషాలు చూశాను. గాస్కెట్ పక్కనుంచి ఆవిరి పోతోందేమో అనుకున్నాను గానీ ఎక్కడా ఆవిరి లేదు. విజిల్ రాకపోతే మన ఇళ్ళలో అందరం చేసే పని ఒకటుంది కదా, గరిటెతో వెయిట్‌ని మెల్లగా తట్టడం. గరిటె తీశాను కూడా. మా అబ్బాయి హాల్లోంచి "నాన్నా, ఫోన్" అని అరిస్తే అటు తిరిగాను.

అప్పుడే టప్‌మని ఒక మోత. మూత అంచున, పిడి పక్కగా చిన్న కిటికీలాంటి సందు ఉంటుంది చూశారా, అందులోంచి గాస్కెట్ నాలుకలా బయటికి పొడుచుకొచ్చింది. ఆ సందులోంచి ఆవిరీ, కొవ్వూ, కారమూ కలిసి గోడ మీదకి పిచికారీ. నా చేతి మీద పడింది దాని తోకే. ముఖం అటు ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేశాను. ఊపిరాడనంత కారం ఘాటు. స్టవ్ ఎలా ఆపానో గుర్తు లేదు. అమ్మ పసుపు పట్టుకొచ్చింది, మా ఆవిడ ఆమెని ఆపి నా చెయ్యి కుళాయి కింద పెట్టించింది. ఇరవై నిమిషాలు అలాగే నీళ్ళ ధార కింద ఉంచాను. పసుపు, పేస్టు ఏవీ రాయలేదు. అందుకే రెండు బొబ్బలతో పోయింది.

కుక్కర్ పూర్తిగా చల్లారాక మూత తీశాను. వెయిట్ కూర్చునే గొట్టాన్ని లోపలి వైపు నుంచి వెలుతురుకి పెట్టి చూస్తే, ఒక కరివేపాకు చుట్టలా చుట్టుకుని, దాని వెనక చిన్న తోలు ముక్క బిరడా కొట్టినట్టు కూర్చుని ఉంది. ఆవిరి పోయే దారి మూసుకుపోయింది. అది నా పాపమే. కానీ సరిగ్గా ఇలాంటప్పుడు కాపాడటానికే కదా సేఫ్టీ వాల్వ్ పెట్టేది! అది చూస్తే చెక్కు చెదరలేదు. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే మెరుస్తోంది.

మా వీధి చివర స్టవ్‌లు, మిక్సీలు, కుక్కర్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. మూత, వాల్వ్, గాస్కెట్ తీసుకెళ్ళి ముందు పెట్టాను. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, వాల్వ్ మధ్యలో ఉన్న బూడిదరంగు చుక్కని గోరుతో గీకాడు.

"ఇది కరిగే మందు కాదు సార్. మామూలు టంకం పోసి ఇచ్చిండ్రు."

ఆయన చెప్పింది ఇంటికొచ్చి మా అబ్బాయితో కూర్చుని లెక్క వేస్తే గుండె జారిపోయింది. వెయిట్ విజిల్ వేసేటప్పుడు కుక్కర్లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో, వేడి 120 డిగ్రీలు. దారి మూసుకుపోయి వేడి ఇంకా పెరిగితే, అసలు వాల్వ్‌లో ఉండే మిశ్రమ లోహం తొందరగానే కరిగి ఆవిరిని వదిలేస్తుంది. దాని పనే అది, తను చచ్చి మనల్ని బతికించడం. రేడియోలకీ వైర్లకీ వేసే తగరం, సీసం టంకం కరగడం మొదలవ్వాలంటేనే 183 డిగ్రీలు కావాలి. అంత వేడికి ఆవిరి ఒత్తిడి దాదాపు పది కిలోలు. అంటే మామూలుకి పది రెట్లు అయితే తప్ప నా 30 రూపాయల వాల్వ్ నిద్ర లేవదు. మూతకి ఆ కిటికీ లేని పాత మోడల్ అయి ఉంటే ఈ పోస్టు మా ఆవిడ రాయాల్సి వచ్చేది.

గాస్కెట్ సంగతి ఇంకో కథ. పెద్దాయన దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపితే చూయింగ్ గమ్‌లా సాగింది. ముక్కలైన పాత గాస్కెట్‌ని కలిపి దాని మీద పరిచి చూస్తే, కొత్తది ఒకే ఒక్క వంటకి చుట్టుకొలతలో బొటనవేలంత పెరిగింది. కొవ్వు పీల్చుకుని ఉబ్బిపోయింది. మంచి గాస్కెట్లకి నూనెను తట్టుకునే నైట్రైల్ లాంటి రబ్బరు వాడతారు. చవక రబ్బరుకి నూనె పడదు, అందులోనూ వేడి పందికొవ్వు అసలు పడదు. పప్పూ అన్నం వండుకునేవాళ్ళకి ఈ గాస్కెట్ ఆర్నెల్లయినా బండి లాగిస్తుందేమో, అందుకే ఈ మోసం బయటపడదు. పోర్క్, మటన్ కొవ్వు ముక్కలు, నాటుకోడి వండేవాళ్ళకి మొదటిరోజే బయటపడుతుంది.

మర్నాడు షాపుకెళ్ళాను. నన్ను గుర్తుపట్టాడు, అది మాత్రం కాదనలేదు. గాస్కెట్ చూపించగానే, "పోర్క్ వండినవా? గందుకే అన్నా. కొవ్వు తగిల్తే ఏ రబ్బరైనా ఉబ్బుతది" అన్నాడు. మరి వాల్వ్ ఎందుకు కరగలేదు అంటే, "మంచి క్వాలిటీ అన్నా, తొందరగ కరగది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కరగకపోవడం క్వాలిటీ అని అమ్మేవాడికి మనమేం చెప్తాం? ఫోన్లో డబ్బు పంపిన మెసేజ్ చూపించాను. అందులో వంద రూపాయలని ఉంది గానీ ఏం కొన్నానో లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, కానీ బిల్లు లేని కేసు ఎంత దూరం నడుస్తుందో నాకే అనుమానం. కాబట్టి పది రూపాయల వాషర్‌కైనా బిల్లు అడగండి, దాని మీద వస్తువు పేరూ కంపెనీ పేరూ రాయించండి. ఇవ్వనంటే అక్కడే అర్థమైపోతుంది.

ఈసారి కుక్కర్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి మూత పట్టుకుని వెళ్ళాను. నంబరు చూసి దానికి సరిపోయేవే ఇచ్చారు. రెండూ కలిపి మొదటిసారి ఖర్చుకి మూడింతలు పడింది. తేడా కంటికే కనబడుతోంది. గాస్కెట్ మీద కంపెనీ పేరు అచ్చుపోసినట్టు ఉబ్బెత్తుగా ఉంది, నాకు ముందు అంటగట్టినదాని మీద స్టాంపు వేసినట్టు తెల్లరంగు అక్షరాలు, తడి వేలితో రుద్దితే పోయాయి. కుక్కర్ గాస్కెట్లకి ఐఎస్ 7466 అని విడిగా ప్రమాణం ఉంది, అదీ గుర్తుపెట్టుకోండి.

కొత్త కుక్కరే కొనేవాళ్ళకి కూడా ఒక మాట. 2021 ఫిబ్రవరి నుంచి ఇళ్ళలో వాడే ప్రెషర్ కుక్కర్లకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మార్కు పైన ఐఎస్ 2347 అనీ, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉండాలి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో వెంటనే తెలుస్తుంది. ఆన్‌లైన్లో కొంటే గొడవ లేదనుకోకండి. మార్కు లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022లో పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థలకే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది.

పోర్క్ వండే పద్ధతి కూడా మార్చుకున్నాను. ముందు ముక్కల్ని మూత లేకుండా సన్నమంట మీద వేయించి, కరిగిన కొవ్వులో సగం గరిటెతో తీసేస్తున్నాను. ఆ కొవ్వు పారేయకండి, మర్నాడు గుడ్డు పొరటుకి భలే ఉంటుంది. తర్వాత గ్లాసున్నర నీళ్ళు, కుక్కర్లో మూడింట రెండొంతులు మించకుండా. ఒక విజిల్ వచ్చాక సన్నమంట మీద ఇరవై నిమిషాలు. ఇగురు దగ్గరపడాలంటే మూత తీశాకే, కరివేపాకు కూడా అప్పుడే. వెయిట్ ఎత్తి ఆవిరి తీసేసే తొందర అస్సలు వద్దు. పైన కొవ్వు తెట్టులా పరుచుకుని ఉంటుంది, కింద మసాలా ఇంకా కుతకుతలాడుతూ ఉంటుంది, మూత తీయగానే ఎగదన్నుతుంది. దానంతట అది చల్లారనివ్వండి. మూత పెట్టే ముందు వెయిట్ గొట్టంలో ఒకసారి ఊదండి, గాలి అటు నుంచి ఇటు రావాలి. మా అబ్బాయి ఇప్పుడు ఈ డ్యూటీ తీసుకున్నాడు, పిల్లనగ్రోవిలా ఊదుతున్నాడు.

విజిల్ రాకుండా కుక్కర్ మౌనంగా ఉందంటే దగ్గరికి వెళ్ళి తట్టకండి, వంగి చూడకండి. పక్కనుంచి చెయ్యి చాపి స్టవ్ ఆపేసి, గదిలోంచి బయటికి వచ్చేయండి.

ఆ దొంగ వాల్వ్‌నీ, ఉబ్బిన గాస్కెట్‌నీ పారేయలేదు, ఒక హార్లిక్స్ సీసాలో వేసి పెట్టాను. ఈ మధ్య పెట్టె లేకుండా విడిగా కొన్నవాళ్ళు మల్కాజిగిరి, ఆనంద్‌బాగ్, నేరేడ్‌మెట్ వైపు ఎవరైనా ఉంటే చెప్పండి. మీ వాల్వ్ తీసుకురండి, పక్కపక్కన పెట్టి చూసుకుందాం.