ఎక్కడమా, దిగడమా? కాలి కండరాలకు ఏది మేలు?

ఎత్తు ఎక్కుతుంటే రొప్పు వస్తుంది, దిగుతుంటే రాదు. అందుకని దిగడమే సులువని అనుకుంటాం. ఊపిరి వరకు అది నిజమే, కండరం లెక్క మాత్రం వేరు.

ఎక్కేటప్పుడు తొడ, పిక్క, పిరుదు కండరాలు బిగుసుకుంటూ పొట్టిబడి శరీరాన్ని పైకి నెడతాయి. ఖర్చయిన శక్తిలో దాదాపు పావు వంతే పనిగా మారుతుంది, మిగతాదంతా వేడి. దిగేటప్పుడు కండరాలు చేసేది బ్రేకు పని. అవి బిగుసుకునే ఉంటాయి, ఒంటి బరువు వాటిని సాగదీస్తుంటుంది. సాగుతున్న కండరపు పోగు ఎక్కువ బలాన్ని మోయగలదు కాబట్టి, అదే బరువు ఆపడానికి తక్కువ పోగులు చాలు. ఆక్సిజన్ కూడా తక్కువే పడుతుంది.

దీన్ని 1952లో అబాట్, బిగ్లాండ్, రిచీ అనే శాస్త్రవేత్తలు సరదాగా చూపించారు. రెండు సైకిళ్లను వెనకా వెనకా పెట్టి గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతుంటే రెండోవారు పెడళ్లను అడ్డుకోవాలి. ఇద్దరి కాళ్ల మీదా బలం ఒకటే, అయినా అడ్డుకునే మనిషికి ఆక్సిజన్ చాలా తక్కువ సరిపోయింది.

అన్ని కండరాలూ ఒకేలా స్పందించవు. చదును నేల మీద పరిగెత్తే టర్కీ కోడి పిక్క కండరం, పాదం నేల మీద ఉన్నంతసేపు పొడవు పెద్దగా మార్చుకోదు. స్ప్రింగు పని స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే నారలాంటి కట్టు, చేస్తుంది. ఎత్తు ఎక్కాలంటే మాత్రం ఆ కండరం పొట్టిబడక తప్పదు. కంగారూ జాతికే చెందిన చిన్న జంతువు వాలబీకి ఆ తిప్పలు తక్కువ. వాలు ఎక్కుతూ గెంతినా దాని మడమ కండరాల పని అంతగా మారదు, అదనపు శక్తి ఎక్కువగా కాలి పైభాగపు కండరాల నుంచే రావాలి. నాలుగు కాళ్ల జంతువుల్లో పని పంపకం ఇంకో రకం. ఎక్కేటప్పుడు వెనక కాళ్లు తోస్తాయి, దిగేటప్పుడు బరువు ముందు కాళ్ల మీద పడుతుంది.

శరీర పరిమాణాన్నీ చూడాలి. కిలో బరువును మీటరు ఎత్తాలంటే ఏ జంతువుకైనా సుమారు 9.8 జౌళ్ల (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) పని. కానీ చదును మీద పరిగెత్తడానికే చిట్టెలుకకు కిలోకు ఎంతో ఖర్చవుతుంది, కాబట్టి ఎత్తు దానికి అంత భారం కాదు. చదును మీద కిలోకు తక్కువే ఖర్చయ్యే చింపాంజీకి అదే ఎత్తు పెద్ద తేడా.

మరి ఏది మేలు? అలవాటు లేని కాళ్లకు నేను ఎక్కడానికే ఓటేస్తాను. ఆయాసం వస్తే అక్కడే తెలుస్తుంది, ఆగవచ్చు. దిగడం మోసకారి: సాగుతూ పనిచేసిన కండరంలో సూక్ష్మంగా చిరుగులు పడతాయి, నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు. 1983లో ఎలుకలను వాలు దిగువకు పరిగెత్తించి చూస్తే, నిలబడేటప్పుడు బరువు మోసే లోతు కండరాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

అయితే గుండె మీద భారం తక్కువగా ఉండాలి, కాలికి బలం కావాలి అంటే దిగడమే నయం, కొద్దికొద్దిగా మొదలుపెడితే. ఒకసారి తేలికపాటి వాలు దిగిన కండరం, తర్వాతి కొన్ని వారాల్లో మళ్లీ దిగినప్పుడు చాలా తక్కువగా దెబ్బతింటుంది.