ఈవీకి చిన్న బ్యాటరీనా, పెద్దదా: కోనసీమ వాళ్లకి ఏది మేలు?

ఎంజీ విండ్సర్ అనే ఎలక్ట్రిక్ కారు రెండు బ్యాటరీలతో దొరుకుతుంది. ఫుల్ చార్జింగ్‌తో 38 కిలోవాట్ అవర్ల దానికి 332 కిలోమీటర్లు, 52.9 ఉన్న ప్రోకి 449 అని కంపెనీ మాట. ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్.

ఆ కిలోమీటర్లు ల్యాబ్‌లో రోలర్ల మీద చక్రాలు తిప్పి, ఏసీ ఆపి తేల్చినవి. మన దేశంలో వాడే ఎంఐడీసీ పరీక్షలో వేగం 90 దాటదు, యూరప్ వాళ్ల డబ్ల్యూఎల్‌టీపీలో 131 దాకా పోతుంది. అందుకే బీవైడీ ఆటో 3 అనే ఎలక్ట్రిక్ కారుకి ఇక్కడ 521, అక్కడ 420. ఒక కారుకి ఇక్కడి అంకె, ఇంకో కారుకి అక్కడి అంకె పెట్టి పోల్చకండి.

అమలాపురం నుంచి రాజోలు వెళ్తుంటే 60 దాటేదెప్పుడు? ఎదురుగా కొబ్బరికాయల లోడు, పక్కన కాలువ, ఊరూరికీ స్పీడ్ బ్రేకరు. నేల చదును. స్లో చేసినప్పుడల్లా కొంత కరెంటు మళ్లీ బ్యాటరీకే చేరుతుంది. యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు ధీమాగా వేసుకోవచ్చు. ఇక్కడ దెబ్బ కొట్టేది ఏసీ. మే నెల ఉక్కలో అది గంటకి యూనిట్ దాకా లాగుతుంది. హైవే మీద ఆ గంటలో 90 కిలోమీటర్లు పోతాం, కాలువ గట్టు మీద 30 పోతే గొప్ప. అయినా 38 యూనిట్లతో 200 ఎక్కడికీ పోవు. రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టుకునే వీలుంటే చిన్నదే మేలు.

రావులపాలెంలో హైవే ఎక్కితే లెక్క మారిపోతుంది. 60 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు దాదాపు మూడింతలవుతుంది. ఇంత ఎత్తు బండికి నేను యూనిట్‌కి 5.5 మించి వేసుకోను. అంటే చిన్నదానికి 209, ప్రోకి 290. రాజమండ్రి నుంచి విశాఖ సుమారు 190. చిన్నదాంట్లో తుని దాటాక కళ్లన్నీ మీటరు మీదే, ఎక్కడో ఆగి చార్జింగ్ పెట్టక తప్పదు. మన ముందు ఇంకో కారు ఉంటే టీ మీద టీ. పైగా 80 శాతం దాటాక చార్జింగ్ నెమ్మదిస్తుంది కాబట్టి దారిలో నింపుకునేది 10 నుంచి 80 వరకే, అంటే మహా అయితే 146 కిలోమీటర్లు.

పిల్లలు విశాఖలో చదువుతూ నెలనెలా పోవాల్సి ఉంటే ప్రో తీసుకోండి. ఏడాదికోసారి పెళ్లికి పోయే ఇంటికి ఆ అదనపు 15 యూనిట్ల డబ్బు దండగే అంటాను, ఆ ఒక్కరోజుకి రైలుంది.

టెస్ట్ డ్రైవ్‌లో తెర మీద కనపడే మిగిలిన కిలోమీటర్లు చూసి మురిసిపోకండి. అంతకుముందు ఎవరెలా నడిపారో దాన్నిబట్టి వేసిన అంచనా అది. ట్రిప్ మీటరు సున్నా చేసి, ఏసీ వేసి, హైవే మీద 90తో పది కిలోమీటర్లు పోనిచ్చి యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లో సగటు చూడండి. వంద కిలోమీటర్లకి ఎన్ని యూనిట్లో చూపించే కారైతే వందని దాంతో భాగించండి. 18 అని వస్తే యూనిట్‌కి ఐదున్నర.