కట్టుడు పళ్ల సెట్టుకు ఏ దవడపళ్లు మేలు?

పూర్తి సెట్టు కట్టించుకునేవాళ్లు ముందుగా అడిగేది పళ్ల రంగు. కానీ నమలడం కుదురుతుందా లేదా తేల్చేది వెనక దవడపళ్లు. సొంత పన్ను దేనికది విడిగా ఎముకలో దిగి ఉంటుంది. సెట్టులో ఒక్కో దవడకు 14 పళ్లూ ఒకే ఆక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) పీట మీద ఉంటాయి. కుడివైపు ఒక్క పన్ను ముందుగా తగిలినా ఎడమవైపు పీట లేస్తుంది.

33 డిగ్రీల వాలున్న మొనల పళ్లు సహజంగా కనిపిస్తాయి, మాంసాన్నీ ఆకుకూర పీచునీ బాగా తెంపుతాయి. అయితే దవడ పక్కకు కదిలినా రెండువైపులా ఒకేసారి తగలాలంటే ఫేస్‌బో (పై దవడకూ దవడ కీలుకూ ఉన్న దూరం పట్టే చట్రం) కొలత తీసుకుని, సెమీ అడ్జస్టబుల్ ఆర్టిక్యులేటర్ (దవడ కదలికలను కొంతవరకు అనుకరించే పరికరం) మీద అమర్చాలి. తలుపు బందులా తెరుచుకుని మూసుకునే పరికరం మీద అమరిస్తే ఆ వాలులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కింది సెట్టు జరిగి చిగురు పుండవుతుంది. కింది చిగురు గట్టు (పళ్లు పోయాక మిగిలే దవడ ఎముక మిట్ట) ఎత్తుగా, గట్టిగా మిగిలినవాళ్లకే ఇవి నప్పుతాయి.

చదును పళ్లకు ఆ తోపుడు లేదు. గట్టు బాగా అరిగినవాళ్లకు, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వల్ల దవడను ప్రతిసారీ ఒకేచోట మూయలేనివాళ్లకు ఇవి ఆసరా. కానీ పీచు తెగదు, నలుగుతుందంతే. పైగా దవడ ముందుకు జరిపితే వెనక పళ్ల మధ్య సందు పడుతుంది, సెట్టు ఊగుతుంది. అందుకని పై ముందుపళ్లు కిందివాటిని నిలువుగా కప్పకుండా పెడతారు. నవ్వులో ఆ తేడా తెలుస్తుంది.

మూడోది లింగ్వలైజ్డ్ అమరిక, 1927లో స్విట్జర్లాండ్ దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ గైసీ చెప్పిన పద్ధతి. పై దవడపన్ను లోపలి మొన ఒక్కటే, తక్కువ వాలున్న కింది పన్ను మధ్య గుంటలో, రోట్లో రోకలిలా దిగుతుంది. చెంపవైపు మొన సుమారు 1 మి.మీ. పైకి, ఏదీ తగలకుండా ఉంటుంది. బరువు కింది గట్టు నడిమీదే పడుతుంది, పక్కతోపు తగ్గుతుంది. మొన బయటికి కనబడుతుంది కాబట్టి నవ్వూ చెడదు. గట్టు ఓ మోస్తరుగా అరిగినవాళ్లకు మా మొదటి ఎంపిక ఇదే.

ఏ పళ్లు పెట్టినా ఒక పని తప్పించకూడదు. ఆక్రిలిక్ ఉడికేటప్పుడు కుంచించుకుని పళ్లు పిసరంత కదులుతాయి. సెట్టును మళ్లీ ఆర్టిక్యులేటర్‌కెక్కించి రంగు కాగితంతో ఎత్తులు చూసి అరగదీయాలి, దీన్నే రీమౌంట్ అంటారు. నోట్లోనే కాగితం కొరికిస్తే మెత్తటి చిగురు మీద సెట్టు జరిగి తప్పుడు మచ్చలు పడతాయి. లింగ్వలైజ్డ్‌లో పై లోపలి మొనను ముట్టుకోకూడదు, కింది గుంటనే సరిచేయాలి. మొన అరిగితే పళ్లు కలిసే ఎత్తే పోతుంది.

సెట్టు పెట్టాక 24 గంటలు గడిచాక ఒకసారి, వారం గడిచాక మరోసారి చూపించుకోండి. ఒకేచోట పుండు మళ్లీమళ్లీ వస్తుంటే పీట లోపల గీకించడం ఆపి, మొదట పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు చూడమనండి.