ఐదుకి నాలుగు స్టార్లు: మ్యూచువల్ విడాకులకు (ఇద్దరూ ఒప్పుకుని తీసుకునేవి) రాజమండ్రిలో ఈ లాయరు మేడమ్ ఆఫీసుకి వెళ్లాను

ఈ ఆఫీసు మెట్లెక్కేసరికే నా దగ్గర రెండు సలహాలున్నాయి. ఒకటి మా మేనమామది. "వంద రూపాయల స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాసుకోండి, పెద్దమనుషుల చేత సంతకాలు పెట్టిద్దాం, అయిపోతుంది." రెండోది రాజమండ్రిలోనే వేరే లాయరు గారిది. నేను చెప్పేది సగం కూడా వినకుండానే "498ఏ (భర్త, అత్తింటివాళ్ల వేధింపుల కేసు) పెడదాం, డీవీసీ (గృహహింస కేసు) వేద్దాం, మెయింటెనెన్స్ (భరణం) వేద్దాం. కాళ్లబేరానికి వస్తారు" అన్నారు. ఫీజు కేసుకింత. నన్నెవరూ కొట్టలేదండీ. మా ఆయనకీ నాకూ పడలేదు, అంతే. 2022 సంక్రాంతి నుంచి నేనూ పాపా మా పుట్టింట్లో, ఆయన హైదరాబాద్‌లో.

మేడమ్ దగ్గరికి 2024 ఫిబ్రవరిలో వెళ్లాను. మొదటి గంటలో ఒక్క సెక్షన్ పేరు కూడా ఎత్తలేదు. "ఆయనా విడిపోదామనే అంటున్నాడా? మరి తేలనిదేంటి?" అని అడిగారు. నా 14 కాసుల బంగారం, పాప ఎవరి దగ్గరుండాలి, స్కూలు ఫీజులు అని చెప్పాను. "అయితే మీ గొడవ విడాకుల గురించి కాదమ్మా, లెక్కల గురించి. అవి తేల్చుకుని రండి" అన్నారు. స్టాంపు కాగితం సంగతి అడిగితే, మీలో ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప అది చెల్లదన్నారు. రేపు ఎవరైనా మళ్లీ పెళ్లి చేసుకుంటే మెడకు చుట్టుకుంటుందట.

తర్వాత రెండు దారులూ తెల్లకాగితం మీద గీసి చూపించారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13 కింద వేస్తే క్రూరత్వమో, వదిలేసి వెళ్లిపోవడమో ఏదో ఒక కారణం రుజువు చేయాలి. సాక్షులు, క్రాస్ (అవతలి లాయరు అడిగే ఎదురు ప్రశ్నలు), వాయిదా మీద వాయిదా. 13బి అయితే ఏడాదికి పైగా విడిగా ఉన్న ఇద్దరూ కలిసి వేసే పిటిషన్. వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా మళ్లీ ఇద్దరూ వచ్చి అడగాలి. ఒకటిన్నర ఏడాది పైగా విడిగా ఉండి, అన్నీ సెటిల్ అయిపోతే ఆ ఆరు నెలలు తగ్గించమని అడగొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పిందట. "మీకు సరిపోతుంది, కానీ ఇవ్వడం జడ్జి గారి ఇష్టం" అన్నారు. ఖర్చుకి ఇబ్బందైతే కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు, 15100కి ఫోన్ చేయండి అని కూడా చెప్పారు. ఫీజు తీసుకునే మనిషి ఆ మాట ఎందుకు చెప్పాలి? అక్కడే నాకు గురి కుదిరింది.

ఒప్పందం రాయడానికి రెండు నెలలు పట్టింది. ఈ ఆఫీసు గొప్పంతా అందులోనే ఉంది. నేను విసిగిపోయి "నాకేమీ వద్దు మేడమ్, పాపని ఇస్తే చాలు" అంటే, "నీ భరణం నువ్వు వదులుకో. పాపది వదులుకోవడానికి నువ్వెవరు?" అని గట్టిగానే అన్నారు. పాప ఆయన దగ్గర నెలకి రెండు ఆదివారాలు, వేసవిలో 15 రోజులు, స్కూలు ఫీజులు చెరిసగం. పాప పాస్‌పోర్టుకి ఆయన సంతకం పెట్టాలని కూడా రాయించారు. అది నాకు కల్లో కూడా తట్టేది కాదు. కాగితం వేరే లాయరుకి చూపించుకోమని ఆయనకి కూడా చెప్పారు. 13బిలో డిక్రీ (కోర్టు విడాకుల తీర్పు) వచ్చేదాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి ఒప్పందంలో రాసుకున్న డబ్బు సగం పిటిషన్ రోజు, మిగతా సగం చివరి రోజు కోర్టులోనే డీడీగా. బంగారం మాత్రం ముందే తూకం వేయించి చేతికిప్పించారు.

జూన్‌లో వేశాం. పెళ్లి ఇక్కడే జరిగింది కాబట్టి కేసు కూడా ఇక్కడే. ఆయన గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున దిగి వచ్చేవాడు. గడువు తగ్గించమని వేసిన పిటిషన్ ఒప్పుకున్నారు, ఆగస్టులో డిక్రీ వచ్చేసింది.

ఇక ఒక స్టార్ ఎందుకు తీశానంటే, 40 వేలన్నది 46 వేలైంది. టైపింగ్, జిరాక్స్, గుమస్తా గారి టీ అంటూ తలా కొంచెం. ముందే కాగితం మీద రాసివ్వొచ్చు కదా. పిటిషన్‌లో మా ఇంటిపేరు తప్పు టైప్ చేశారు, అది దిద్దడానికి ఒక వాయిదా పోయింది. ఆ రోజు ఆయన లీవు పెట్టుకుని వచ్చాడు పాపం, నాకే మొహం చెల్లలేదు. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగులో చదివి చెప్పమని అడిగితే చెబుతారు, అడక్కపోతే లేదు. సాయంత్రం ఆరింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకి పిలుస్తారు, ఉన్నవి మూడు కుర్చీలు.

వెళ్లేవాళ్లు శుభలేఖ, పెళ్లి ఫోటోలు, ఇద్దరి ఆధార్‌లు, సామాను లిస్టు పట్టుకెళ్లండి. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు మూడు తీసుకోండి. నావి ఒకటి బ్యాంకులో ఇచ్చాను, ఒకటి బీరువాలో ఉంది. మూడోది మా మామయ్యకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది స్టాంపు కాగితం కాదేంటే?" అన్నాడు.