ఓటిస్ బ్లూనా, వాట్స్ గోయింగ్ ఆనా?

నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతం రికార్డుల సేకరణ మొదలుపెట్టేవారు ఓటిస్ రెడ్డింగ్ ‘ఓటిస్ బ్లూ’, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్‌లలో ముందు ఏది కొనాలని అడిగితే, నేను ‘ఓటిస్ బ్లూ’ వైపే మొగ్గుతాను. 1965 జూలైలో మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో ఇందులోని పాటలు చాలావరకు దాదాపు ఒక్క రోజులోనే రికార్డయ్యాయి. ఆ ఊపు వినిపిస్తుంది: గొంతు బొంగురుపోయే అంచున నిలిచి పాడతాడు, బాకాలు మాటకు మాట బదులిస్తాయి. అంతకు కొన్ని నెలల ముందే మరణించిన సోల్ గాయకుడు సామ్ కుక్ పాటలు మూడు ఇందులో ఉన్నాయి. చివరి ఆశను పట్టుకుని వేలాడే మనిషిలా ఓటిస్ వాటిని పాడాడు. ‘రెస్పెక్ట్’ కూడా ఇక్కడిదే. గాయని అరీథా ఫ్రాంక్లిన్ దాన్ని 1967లో పూర్తిగా తనది చేసుకుంది.

మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ (1971) దారి వేరు. డెట్రాయిట్‌లో పుట్టిన మోటౌన్ రికార్డుల సంస్థ తెచ్చిన ఈ ఆల్బమ్‌లో పాటలు ఒకదానిలోకి ఒకటి ఒదిగిపోతాయి. వియత్నాం యుద్ధం గురించి, పేదరికం గురించి, పాడైపోతున్న గాలీ నీరూ గురించి అతను అరవడు, అనునయంగా అడుగుతాడు. జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ కోసమే మళ్లీ మళ్లీ వినవచ్చు. దీన్ని మాత్రం మధ్యలో ఆపకూడదు. ఓటిస్‌ను ఏ పాట దగ్గర మొదలుపెట్టినా ఫరవాలేదు.