మీరు పెరిగిన ఇల్లు సెలవుల అద్దెకు కనిపించిందా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

చిన్నప్పుడు మీరు పెరిగిన ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. అది చేతులు మారి, ఇప్పుడు సెలవులకొచ్చే వాళ్లకి రోజువారీ అద్దెకిచ్చే ఇల్లుగా ఏదో బుకింగ్ సైట్లో కనిపించిందనుకోండి. చెయ్యి ఆగదు. నాదీ ఆగలేదు. అమ్మని, అక్క వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లాను. డబ్బూ పోయింది, సెలవులూ పోయాయి. అలాంటి బుకింగ్ చేద్దామనుకునే వాళ్లు ఇది చదివాకే చేయండి.

సైట్లోని ఫోటోల్లో ముందు వసారా, మేడ మెట్లు, పెరట్లో చెట్టు అన్నీ మేము వదిలి వచ్చినట్టే ఉన్నాయి. కింద 'పాతకాలపు ఇల్లు, ఏ మార్పులూ చేయలేదు, ఇల్లంతా మీకే' అని రాశారు. తీరా వెళ్తే, ఇంటికి నడిమధ్యన అడ్డగోడ కట్టి రెండు వాటాలు చేశారు. మాకిచ్చింది వెనక వాటా. మెట్లు ముందు వాటాలోకి పోయాయి కాబట్టి మేడ ఊసే లేదు. పెరట్లో చెట్టు కొట్టేసి, కార్లు పెట్టుకోవడానికి సిమెంటు పోశారు. ముందు వాటాలో అప్పటికే వేరే కుటుంబం దిగి ఉంది. అమ్మ తన గది కోసం వెతుక్కుంటే, ఆ గది సగం మాకు, సగం వాళ్లకు వచ్చింది.

ఇల్లు మారిందని నా గొడవ కాదు. కొనుక్కున్నవాళ్లు వాళ్లకు పనికొచ్చేట్టు మార్చుకుంటారు, అందులో తప్పేముంది? గొడవంతా ఫోటోల గురించి. అవి ఇప్పటివి కావు. మేము ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు బ్రోకర్ తీయించినవి. అక్క పట్టేసింది: హాలు ఫోటోలో గోడ మీద ఉన్నది మా గడియారం. అది ఇప్పుడు అక్క ఇంట్లో ఉంది! ఫోటోలో మీ కుటుంబం సామాను కనిపిస్తే మురిసిపోకండి. అది పాత ఫోటో అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వంటింటి ఫోటో సంగతి ఇంకా ఘోరం. అది మా ఇల్లే కాదు. బుక్ చేయకముందు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే 'అవును, ఆ కిటికీ దగ్గరే కూర్చుని చదువుకునేదాన్ని' అని అక్క, 'ఆ అల్మారా నేనే చేయించాను' అని అమ్మ. తర్వాత ఆ ఫోటోని గూగుల్ లెన్స్‌లో (ఒక ఫోటో నెట్‌లో ఇంకెక్కడ ఉందో వెతికిపెట్టేది) వెతికితే ఇంకెక్కడిదో అద్దె ఇంటి ప్రకటనలో దొరికింది. వీళ్లని అనడానికేం లేదు, మనిషి బుర్ర తీరే అంత. 2002లో కింబర్లీ వేడ్ అనే పరిశోధకురాలి బృందం పెద్దవాళ్లకి వాళ్ల చిన్ననాటి ఫోటోల మధ్య ఒక అబద్ధపు ఫోటో కలిపి చూపించింది. వాళ్లు ఎన్నడూ ఎక్కని హాట్ ఎయిర్ బెలూన్ (మనుషుల్ని గాల్లోకి తీసుకెళ్లే పెద్ద బుడగ) ఎక్కినట్టు అతికించిన ఫోటో అది. పాల్గొన్న 20 మందిలో సగం మంది ఆ ప్రయాణం ఎంతో కొంత గుర్తొచ్చిందన్నారు. 'చిన్ననాటి ఇల్లు' అన్న మాట చాలు, మిగతాది మనమే నింపుకుంటాం.

గదుల కొలతల దగ్గరా ఇదే జరుగుతుంది. అద్దె ఇళ్ల ఫోటోలు చాలావరకు వైడ్ లెన్స్‌తో తీస్తారు. ఫోన్లలోని అల్ట్రావైడ్ కెమెరా దాదాపు 120 డిగ్రీల మేర పట్టేస్తుంది. గది ఉన్నదానికంటే పొడుగ్గా, గోడలు దూరంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లకైతే 'ఇంత పెద్ద హాలా?' అని అనుమానం వస్తుంది. ఆ ఇంట్లో పెరిగినవాళ్లకి రాదు. ఆరేళ్లప్పుడు మన ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూసిన హాలే మనకు గుర్తుంది, ఫోటోలోనూ అంతే పెద్దగా ఉంది. రెండు అబద్ధాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. అందుకే ఇల్లు బాగా తెలిసినవాళ్లే ఇక్కడ తేలిగ్గా దొరికిపోతారని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అసలు హెచ్చరిక. అది మీరు పెరిగిన ఇల్లని ఓనరుకి ముందే చెప్పకండి. నేను బుకింగ్ మెసేజ్‌లో సంబరంగా రాశాను. అక్కడి నుంచీ ఆయన మాట తీరే మారింది. ఆ తేదీలకి వేరేవాళ్లు కూడా అడుగుతున్నారన్నాడు, రేటు పెంచాడు. సగం డబ్బు సైట్ బయట నేరుగా పంపితే కమీషన్ మిగులుతుందన్నాడు. దిగాక అడ్డగోడ గురించి నిలదీస్తే, 'మీ ఇల్లే కదండీ, మీకు తెలియనిది నేనేం చెప్తాను?' అన్నాడు. పోనీ అని సైట్ కస్టమర్ కేర్‌కి ఫిర్యాదు చేస్తే, వాళ్లు నా మెసేజ్‌నే తిరిగి నాకు చూపించారు: 'ఇల్లు మీకు ముందే తెలుసని మీరే రాశారు.' ప్రేమతో రాసిన ఒక్క వాక్యం నా కేసుకే అడ్డం తిరిగింది. చెప్పాలని ఉంటే వెళ్లిపోయే రోజున చెప్పండి.

సైట్ బయట కట్టిన సగానికి దిక్కే లేదు. దాని గురించి మాట్లాడటానికి కూడా సైట్ వాళ్లు ఒప్పుకోలేదు. ఏ సైట్ అయినా తన ద్వారా వచ్చిన డబ్బుకే పూచీ పడుతుంది.

డబ్బు కట్టేముందు చేయగలిగిన పనులు పెద్ద కష్టమేమీ కాదు. ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా గూగుల్ లెన్స్‌లోనో, అలాంటిదే అయిన టిన్‌ఐ అనే సైట్లోనో వెతకండి. మామూలుగా ఈ సైట్లు బుకింగ్ ఖాయమయ్యేదాకా కచ్చితమైన చిరునామా చూపించవు, కానీ మీకు అది కంఠతా వచ్చు కదా, ఆ ఒక్క విషయంలో మీరు మిగతావాళ్లకంటే నయం. ఆ వీధికి గూగుల్ స్ట్రీట్ వ్యూ (మ్యాప్స్‌లో కనిపించే వీధి ఫోటోలు) ఉంటే, చిత్రం ఏ నెలలో ఏ సంవత్సరంలో తీశారో తెర మీదే ఉంటుంది. అంతకుముందు తీసిన పాత చిత్రాలుంటే అవీ చూసే వీలుంది. అది లేకపోతే గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలున్నాయి. పెరట్లో చెట్టు పోయిందో ఉందో అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఓనర్ని వీడియో కాల్ అడగండి. ముందు గుమ్మం నుంచి పెరటి తలుపు దాకా ఆపకుండా నడుస్తూ చూపించమనండి. రికార్డు చేసిన వీడియో పంపిస్తానంటే వద్దనండి. 'ఇల్లంతా' అంటే ఎన్ని గదులు, మేడ వస్తుందా, పక్క వాటాలో ఎవరైనా ఉంటారా, ఇవన్నీ ఫోన్లో కాకుండా సైట్ మెసేజ్‌లోనే రాయించుకోండి.

నన్నడిగితే అసలు అక్కడ రాత్రి పడుకోవాల్సిన పనే లేదు. దగ్గర్లో ఏదో మామూలు గది తీసుకుని, ఆ ఇంటి తలుపు తట్టి 'ఇది ఒకప్పుడు మేము ఉన్న ఇల్లండీ, ఒక్కసారి చూసుకోవచ్చా?' అని అడగండి. చాలామంది కాదనరు. ముందు వాటాలో దిగిన కుటుంబమైతే పూర్తిగా కొత్తవాళ్లు, అయినా అమ్మని మేడ మీదికి వాళ్లే తీసుకెళ్లి చూపించారు. అది ఉచితంగానే జరిగింది.

ఇప్పటికే కట్టేసి, దిగాక మోసం తెలిసినవాళ్లకి ఒక మాట. సామాను విప్పకముందే వీడియో తీయండి, ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, తర్వాత వాళ్లు ఫోటోలు మార్చేయొచ్చు. ఫిర్యాదుకి గడువు చాలా తక్కువ. ఉదాహరణకి ఎయిర్‌బీఎన్‌బీలో సమస్య తెలిసిన 72 గంటల్లోపు చెప్పాలి. కార్డుతో కట్టి ఉంటే, సైట్ కాదన్నా మీ బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బుని బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం) అడగొచ్చు. వీసా, మాస్టర్‌కార్డులకి దాని గడువు సాధారణంగా 120 రోజులు. నేరుగా ఖాతాకి పంపిన డబ్బుకి ఆ దారి లేదు. సైట్లో కార్డుతో కట్టిన నా మిగతా సగానికి చార్జ్‌బ్యాక్ బ్యాంకులో నడుస్తోంది. గడియారం ఉన్న ఫోటో, దాని పక్కన ఇప్పుడు అక్క ఇంట్లో తీసిన అదే గడియారం ఫోటో, రెండూ జత చేసి పంపాను.