రాయికి ఐదు, షాపుకు ఒకటి

సగటున మూడు స్టార్లు. వంటగట్టుకు, వరండాకు నాపరాళ్లు కావాలని అనంతపురం నుంచి పనిగట్టుకుని తాడిపత్రి పోయాను. షాపు పేరు రాయను, గొడవ తీరిపోయింది కాబట్టి. మందం అంతా ఒకేలా ఉంది, అంచు కటింగ్ నీట్‌గా చేశారు. బండ నిండా సన్నటి తెల్ల గీతలు కనబడితే ఇదేంది, పగిలిందా అన్నాను. "ఏం కాదులే అన్నా, రాయి గుణమే అంత" అన్నాడు ఓనరు.

ఆ మాట నిజమే. మా చెల్లెలి కూతురు జియాలజీ చదువుతోంది, బండ దిగీ దిగకముందే నీళ్లు చల్లి దాని ముందు కూర్చుంది. "మామా, ఇది సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద" అంది. 50 కోట్ల ఏళ్లకు పైబడిన సంగతి, అప్పుడు ఈ వైపంతా లోతు తక్కువ సముద్రమట. తూర్పు నుంచి భూఫలకాల తోపుడుకు నల్లమల వైపు పొరలు ముడతలు పడి వంగిపోయాయి గానీ తాడిపత్రి వైపు దాదాపు బల్లపరుపుగానే మిగిలాయి, అందుకే గనిలో పలకలు పలకలుగా లేస్తాయి. వంగకపోయినా పగుళ్లు తప్పలేదు. వాటిలోకి సున్నం కరిగిన నీళ్లు చేరి, కాల్సైట్ అనే తెల్లటి సున్నపు ఖనిజం పేరుకుని అతుక్కుంది. అదే తెల్ల గీత.

పొయ్యి పెట్టే చోట ఒక గీత తిన్నగా వచ్చి, అడ్డంగా ఉన్న ఇంకో సన్న పగులు దగ్గర తెగి, వేలెడు పక్కకు జరిగి మళ్లీ మొదలైంది. రాయి జరగకపోతే అది ఉత్త పగులు, జరిగితే భ్రంశం అని చెప్పింది. 2016లో న్యూజిలాండ్‌లోని కైకోరా దగ్గర భూకంపంలో ఇలాంటి జరుగుడే పెద్దగా వచ్చి, తీరం కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా లేచి, నీళ్లలో ఉండే రాళ్లు నాచుతో సహా బయటపడ్డాయట. మా గట్టు మీద వేలెడే, నయం.

గొడవంతా రెండో బండతో. అందులో గీత అనుకున్నది గీత కాదు, నోరు తెరిచిన పగులు. లప్పం పెట్టి పైన పాలిష్ కొట్టేశారు. సింకు కోసం మేస్త్రీ మిషన్ పెట్టగానే రెండు ముక్కలైంది. షాపువాళ్లు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, నేనే ఎదురుగా పోయి నిలబడితే మాత్రం మారుమాట లేకుండా వేరే బండ ఇచ్చారు. బండి బాడుగ నా నెత్తినే పడింది.

పోయేవాళ్లు బండను తడిపి కాసేపు ఆరనివ్వండి. మిగతాదంతా ఆరినా తడి గీత ఒకటి నల్లగా మిగిలిందంటే అది వద్దు. నాణెంతో కొట్టి చూడండి, ఖంగుమనాలి. వేశాక నిమ్మరసం పడితే వెంటనే తుడిచేయండి, సున్నపురాయి కదా, పాలిష్ పోయి మచ్చ పడుతుంది. మా గట్టు మీద అప్పుడే ఒకటి ఉంది, పులిహోర చేసిన రోజుది.